సున్నం వేయని శొంఠి

మా అత్తగారింట్లో తెలుపు రంగుకు ఉన్న మర్యాద బంగారానికి కూడా ఉండేది కాదు. అది శొంఠి తెలుపు. జహీరాబాద్ స్టేషన్ రోడ్డు వెనక, మా ఇంటిని ఆనుకొని, షాబాదు బండలు పరిచిన పెద్ద కళ్లం ఉండేది. చుట్టుపక్కల ఎర్రనేలల్లో పండిన అల్లం మాఘమాసంలో బండ్ల మీద అక్కడికి చేరేది. దాన్ని నీళ్లలో నానబెట్టి, వెదురు చెక్కలతో పైపొట్టు గీకి, కడిగి, సున్నపు తేటలో ముంచి ఎండబెట్టేవాళ్లం. ఆరాక మళ్లీ ముంచి మళ్లీ ఎండబెట్టేవాళ్లం. చివర గోనెపట్టాల మధ్య వేసి రుద్దితే అల్లం కాస్తా శొంఠి అయి, మల్లెమొగ్గలు కుప్ప పోసినట్టు తెల్లగా తేలేది. ఇనుము తగిలితే అల్లం నల్లబడుతుందని కళ్లంలోకి కత్తిని రానిచ్చేవారు కాదు.

ఆ పనంతా ఆడవాళ్లదే. మా గల్లీ వాళ్లు, చిరాగ్‌పల్లి నుంచి నడిచొచ్చేవాళ్లు, మొగుడంపల్లి నుంచి అల్లం బండ్ల మీదే వచ్చేవాళ్లు. అల్లం పొట్టు గీకితే సాయంత్రానికి వేళ్లు భగభగ మండుతాయి. అందుకని కళ్లానికి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. చేతులు బాగా మండినవాళ్లు మరునాడు గీకుడు మాని పుచ్చుముక్కలు ఏరే పనికి కూర్చోవాలి. నీడపట్టున ఒక్కరే రోజూ కూర్చోకూడదు. ఏ కట్టుబాటు మార్చాలన్నా మధ్యాహ్నం జొన్నరొట్టెల మూటలు విప్పినప్పుడు, అందరూ ఉండగా మాట్లాడుకొనే మార్చాలి. వీటిని పెట్టింది మా అత్తమ్మ. ఆమె పుట్టిల్లు బీదర్ వైపు. కోపం వస్తే కన్నడంలో, ప్రేమ పుడితే తెలుగులో మాట్లాడేది. మాకు రెండూ అర్థమయ్యేవి.

నేను రాయికోడ్ దగ్గర పల్లె నుంచి కోడలిగా వచ్చాను. ఏడో తరగతితో బడి ఆగింది కానీ చదువు మీద ఆకలి ఆగలేదు. పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదివేదాన్ని. అది చూసి, చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆయన శాఖా గ్రంథాలయంలో తన పేరున కార్డు తీసుకొని నాకు పుస్తకాలు తెచ్చేవాడు. తాను ఒక్క పేజీ తిప్పిన పాపాన పోలేదు. వారం వారం నా కోసం సంచీ మోసేవాడు. కొన్నాళ్లకు లైబ్రేరియన్ సారే అడిగారట, ఇన్ని పుస్తకాలు చదివే మనిషి ఎప్పుడూ ఎందుకు కనబడదని. అట్లా నేనే వెళ్లడం మొదలైంది. అప్పట్లో అక్కడ కూర్చొని చదివే ఆడమనిషిని నేనొక్కదాన్నే. సారు తన బల్ల పక్కన, ఉర్దూ పేపర్ల కట్ట జరిపి, నాకో కుర్చీ వేయించారు. ఎవరైనా తలెత్తి నావైపు చూస్తే కళ్లద్దాల మీదుగా వాళ్లను చూసేవారు. తలలు మళ్లీ పేపర్లలోకి దిగేవి. ఈ రోజు నాకు తెలిసినదాంట్లో సగం ఆ కుర్చీలోనే తెలిసింది. ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఏ మొహమాటమూ లేదు.

డెబ్బైల చివర్లో మా కళ్లం మూతపడే స్థితికి వచ్చింది. మామకు మోకాళ్ల నొప్పులు. హైదరాబాద్ బేగంబజారుకు సరుకు వెంట తిరగలేకపోతున్నాడు. డీజిల్ ధర పెరిగి లారీ కిరాయి మండిపోతోంది. అరబ్బు దేశాల్లో చమురు ధర పెంచితే జహీరాబాద్‌లో శొంఠి ఎందుకు గిట్టకుండా పోతుందో ఆ రోజుల్లోనే నాకు మొదటిసారి అర్థమైంది. కళ్లం జాగాను కట్టెల డిపోకు కిరాయికి ఇచ్చేద్దామని మామ అనుకున్నాడు. డిపో ఆయన వచ్చి బండలు కాలితో తట్టి చూసి కూడా పోయాడు. ఉగాదిలోపు ఏ సంగతో చెప్పాలన్నాడు. అత్తమ్మ ఆ రోజు కన్నడం కూడా మాట్లాడలేదు. పొట్టు గీకే ఆడవాళ్లు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎండాకాలం గడిచేదాకా వాళ్ల పొయ్యి వెలిగేది ఆ పని మీదే.

సరిగ్గా అప్పుడే బొంబాయి గుమాస్తా వచ్చాడు. ఆయన అక్కడి పెద్ద ఎగుమతి వ్యాపారి మనిషి. హైవే మీద పోతూ టీ కోసం ఆగి, ఎవరో చెబితే మా కళ్లం చూడ్డానికి వచ్చాడు. గుల్బర్గా వైపు వాడు కాబట్టి తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ కలిపి మాట్లాడేవాడు. నోట్లో పాన్ లేని క్షణం ఉండేది కాదు. శొంఠి విరిచి వాసన చూసి, నార లేదని మెచ్చుకొని, ఓడలో పోయే సరుకుకు ఆర్డరిచ్చాడు. నచ్చితే ఏటేటా తీసుకుంటామన్నాడు. ఇక లారీని వాళ్లే పంపుతారు, మామ తిరగక్కర్లేదు. కళ్లం నిలబడాలంటే ఇంతకంటే ఏం కావాలి?

అత్తమ్మ మొహం వెలిగింది. సముద్రం దాటి పోయే సరుకు మన పరువు కాపాడాలె అని, మామూలుగా వేసే సున్నం కంటే ఇంకో తడి ఎక్కువ వేయించింది. సున్నం కూడా పాతది కాదు, తాండూరు నుంచి కొత్తది తెప్పించింది. ఆడవాళ్లంతా పెళ్లిపనికి వచ్చినట్టు చేశారు. బస్తాల్లోకి ఎత్తుతుంటే తెల్లటి పొడి లేచి మా జుట్లు నెరిసిపోయినట్టయ్యాయి. ఒకరినొకరు చూసుకొని ముసలమ్మా ముసలమ్మా అని వెక్కిరించుకున్నాం. లారీ కదిలినప్పుడు అత్తమ్మ దాని ముందు కొబ్బరికాయ కొట్టింది.

ఫాల్గుణం వచ్చింది. ఒక మధ్యాహ్నం గుమాస్తా మళ్లీ వచ్చాడు. ఈసారి ఆయన మొహంలో నవ్వు లేదు. ఓడకెక్కించే ముందు అక్కడ సరుకు పరీక్ష చేస్తారట. మా శొంఠిలో సున్నం ఉండాల్సినదానికంటే ఎక్కువుందని పక్కన పడేశారట. వాళ్ల వ్యాపారి సేటు దాన్ని బొంబాయి బజారులోనే ఎట్లాగో వదిలించుకున్నాడు, మాకు పెద్దగా నష్టం రానీయలేదు. కానీ ఇక ఈ ఊరి శొంఠి వద్దన్నాడట.

అత్తమ్మ నెమ్మదిగా అడిగింది.

"నీ నోట్లె ఏమున్నదయ్యా?"

"పాన్ అమ్మా."

"అండ్ల సున్నం లేదా?"

కళ్లంలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గుమాస్తా కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఉన్నది. కానీ నా నోరు కొలిచెటోడు ఎవడూ లేడు గదమ్మా."

"గట్లైతే మా సున్నంతోని ఎవరు సచ్చిన్రు?"

అవతలి దేశం రూల్ అట్లా ఉంది, తానేం చేస్తానన్నాడు. పోయే ముందు మాత్రం, సేటు వద్దన్నా సరే, ఉగాది ముందు ఇటువైపు ఇంకోసారి వస్తానన్నాడు. ఎందుకొస్తానన్నాడో అప్పుడు మాకు తెలియలేదు. ఆయనకూ తెలియదేమో. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ ఆయనకు దండం పెట్టుకుంటాను.

ఆ సాయంత్రం మామ డిపో ఆయనకు కబురు చేస్తానన్నాడు. అత్తమ్మ నా దగ్గరికి వచ్చింది. "పిల్లా, నువ్వు గన్ని బుక్కులు సదువుతవు గదా. సున్నం ఎందుకు వద్దంటున్నరో ఏ బుక్కులనన్న ఉంటదా?" అంది. పుస్తకాల గురించి ఆమె అడగడం అదే మొదటిసారి. అంతవరకు నా చదువును ఆమె ఆపలేదు, మెచ్చుకోనూ లేదు. దీపం నూనె ఎక్కువ కాలుతోందని మాత్రం అప్పుడప్పుడు గొణిగేది.

మరునాడు సారుకు సంగతంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకొని లేచారు. వ్యవసాయ శాఖ పంపిన చిన్న పుస్తకాలు ఒక మూల అలమరలో దుమ్ముపట్టి ఉండేవి. ఎవరూ అడగనివి. మేమిద్దరం నేల మీద కూర్చొని వాటిని ఒక్కొక్కటే దులిపాం. సారు దగ్గుతూనే, "ఫికర్ చెయ్యకు బేటీ, కాగితం అబద్ధం ఆడొచ్చు గానీ దాక్కోదు" అన్నారు. సుగంధ ద్రవ్యాల మీద ఒక పుస్తకం దొరికింది. ప్రపంచ వాణిజ్యం గురించి మామూలు పాఠకుల కోసం రాసిన ఇంకో పుస్తకాన్ని సారే పైఅర నుంచి తీసిచ్చారు. దాన్ని అంతకుముందు ఎవరూ ఇంటికి తీసుకెళ్లినట్టు లేదు. లోపలి తేదీల చీటీ ఖాళీగా ఉంది. నాకు గర్వమేసింది.

రెండూ చదివాక నాకు తోచింది ఇది. సున్నం మీద నియమం ఊరికే పుట్టలేదు. సున్నం శొంఠి బరువు పెంచుతుంది, పురుగు తొలిచిన రంధ్రాలను కప్పేస్తుంది. ఎక్కడో ఎవరో పాడు సరుకుకు తెల్ల చొక్కా తొడిగి అమ్మి ఉంటారు. కొన్నవాళ్లు దానికి హద్దు పెట్టారు. మోసం చేసినవాడు ఎవరో, ఎక్కడివాడో. ఆ హద్దు వచ్చి పడింది మాత్రం మా బండల మీద.

రెండో పుస్తకం ఇంకా పెద్ద లోకాన్ని చూపించింది. రెండో ప్రపంచయుద్ధం తరువాత దేశాలు కూర్చొని, వ్యాపారంలో ఒకదాన్నొకటి దెబ్బతీసుకోకుండా కొన్ని నియమాలు రాసుకున్నాయట. ఒకరికిచ్చిన రాయితీ అందరికీ ఇవ్వాలన్నది వాటిలో ముఖ్యమైనది. చదువుతుంటే నీడపట్టును వంతులవారీగా పంచుకునే మా కళ్లం గుర్తొచ్చింది. కానీ పంటల దగ్గరికి వచ్చేసరికి ధనిక దేశాలు తలుపు సగమే తెరిచాయట. ముడిసరుకు పంపితే సుంకం తక్కువ. అదే సరుకును దంచి పొడిచేసి డబ్బాలో పెట్టి పంపితే ఎక్కువ. దంచే పని కూడా వాళ్లకే కావాలన్నమాట. తగాదా వస్తే తీర్చడానికి ఒక పంచాయతీ ఉంది కానీ, దాని తీర్పు అందరూ ఒప్పుకుంటేనే చెల్లుతుంది. ఆ అందరిలో ఓడినవాడూ ఉంటాడు.

ఇదంతా మధ్యాహ్నం రొట్టెల వేళ కళ్లంలో చదివి వినిపించాను. పుస్తకం భాష పక్కన పెట్టి నా మాటల్లో చెప్పాను. తీర్పు సంగతి దగ్గర అత్తమ్మ రొట్టె తుంచడం ఆపింది.

"ఓడినోడు ఒప్పుకునుడేంది? గట్లైతే పంచాయతి ఎందుకు పెట్టిన్రు?"

"పుస్తకంల గట్లనే ఉన్నది అత్తమ్మా."

"గా నియమాలు రాసినకాడ అల్లం పండిచ్చెటోళ్లు కూసున్నరా?"

"మన దేశం కూడ కూసున్నదట. కానీ పెద్ద దేశాల మాటనే నడుస్తదట."

చిరాగ్‌పల్లి నుంచి వచ్చే పెద్దామె, కళ్లంలో అందరికంటే పాతది, పచ్చిమిరపకాయ కొరుకుతూ అంది. "భూమి లెక్కలు రాసే పట్వారి ఉన్న కాడ మన మాట నడిచినట్టు."

అందరూ నవ్వారు. అత్తమ్మ నవ్వలేదు. ఆమె మనసు ఇంకోచోట ఉంది. పురుగుబొక్కలు కప్పిపెట్టడానికి సున్నం వాడతారన్న మాట ఆమెకు గుచ్చుకుంది. పుచ్చుముక్క ఒక్కటి మంచి కుప్పలో పడినా చేతి మీద కొట్టే మనిషి ఆమె. "దొంగ ఎవడో దొంగతనం చేసిండు. మనం దొంగలం కాదని చెప్పాల్నంటే సున్నం లేకుంట చూపియ్యాలె" అంది. మొగుడంపల్లి చేలల్లో ఇంకా తవ్వని అల్లం కొంచెం ఉందని, అదే రోజు బండి పంపమంది.

అసలు కష్టం అక్కడే మొదలైంది. సున్నం వేయని శొంఠి ఆరాక గోధుమరంగులో, ముడతలు పడి ఉంటుంది. దాన్ని చూసి మా ఆడవాళ్లకు సిగ్గేసింది. దారిన పోయేవాళ్లు చూస్తే వీళ్ల కళ్లం చెడిపోయిందంటారని భయం. స్టేషన్ రోడ్డు మీది దుకాణాల వాళ్లు నిజంగానే గోడ మీదుగా తొంగిచూసి, ఇదేం మాసిన సరుకని అడిగారు. చివరికి దాన్ని కళ్లంలో కాకుండా మా మిద్దె మీద ఎండబెట్టాం. కింద బండల మీద హైదరాబాద్‌కు పోయే తెల్ల శొంఠి మెరుస్తుంటే, పైన బొంబాయిది చాటుగా ఆరేది. పెద్దామె అయితే మెట్లెక్కేటప్పుడు అటూ ఇటూ చూసి మరీ ఎక్కేది. బాకీవాడి కళ్లబడకుండా పోతున్నట్టుందని మేం ఆటపట్టించేవాళ్లం.

ఇంకో చిక్కు కూడా ఉంది. సున్నం లేకపోతే పురుగు తొందరగా పడుతుంది. దానికి విరుగుడు ఎండ ఒక్కటే. అత్తమ్మ రోజూ ఒక ముక్క తీసి చెవి దగ్గర పెట్టుకొని విరిచేది. టప్‌మని గట్టిగా మోగితేనే ఆరినట్టు. కొంచెం మెత్తగా వినిపించినా మళ్లీ పరవమనేది. ఎండలో మిద్దె మీద కూర్చొని ఆమె ఆ చప్పుడు వినడం చూస్తుంటే, రేడియోలో వార్తలు వింటున్నట్టు ఉండేది. సాయంత్రం మంచు పడకముందే అంతా ఎత్తి లోపల పెట్టేవాళ్లం. అవతలి గదిలో మామ డిపో సంగతి ఎత్తినప్పుడల్లా, ఉగాది ఇంకా రాలేదు కదా అని అత్తమ్మ అనేది. మామ ఆ మాట అక్కడితో వదిలేసేవాడు. ఆయన మంచితనమంతా అందులోనే ఉండేది.

ఉగాదికి కొంచెం ముందు గుమాస్తా మాట నిలబెట్టుకున్నాడు. వస్తూనే కళ్లంలోని తెల్ల కుప్పను చూసి నిట్టూర్చాడు. అత్తమ్మ ఆయన్ను మిద్దె మీదికి తీసుకుపోయింది. గోనెపట్టా తీసి చూపించింది. ఆయన ఒక ముక్క విరిచాడు. టప్‌మంది. వాసన చూశాడు. వెళ్లి పిట్టగోడ అవతలికి పాన్ ఉమ్మి, నోరు పుక్కిలించి వచ్చి, కొరికి చూశాడు. మేం మెట్ల మీద వరసగా నిలబడి ఆయన దవడలనే చూస్తున్నాం.

"ఇది ఎవరు చెప్పిన్రమ్మా చెయ్యమని?"

అత్తమ్మ నావైపు చూపించింది. "మా కోడలు. బుక్కులల్ల చూసింది."

మా ఊళ్లో నాకు దక్కిన బిరుదు అదే. అంతకంటే పెద్దది నాకు అక్కర్లేకపోయింది.

ఆయన రెండు గుప్పిళ్లు మూటకట్టుకొని పోయాడు. పండుగ నాడు, ఉగాది పచ్చడి గిన్నెలు ఇంకా కడగకముందే, స్టేషన్ దగ్గరి కిరాణా దుకాణానికి బొంబాయి నుంచి ఫోన్ వచ్చిందని పిలిచారు. మామ మోకాళ్ల నొప్పి మరిచి నడిచాడు. తిరిగి వచ్చేటప్పుడు నేరుగా ఇంటికి రాకుండా డిపో ఆయన ఇంటికి పోయి, జాగా ఇవ్వడం లేదని చెప్పి వచ్చాడు. సున్నం లేని శొంఠి తీసుకుంటామని సేటు ఒప్పుకున్న సంగతి మాకు ఆ డిపో ఆయన తమ్ముడి వల్లే ముందు తెలిసింది.

ఆ తరువాత ఎనభైలలో చాలాకాలం మా కళ్లంలో రెండు కుప్పలు ఆరాయి. హైదరాబాద్‌కు తెల్లది, బొంబాయికి గోధుమది. గోధుమ కుప్ప కూడా మెల్లగా మిద్దె దిగి బండల మీదికి వచ్చింది. ఎవరూ సిగ్గుపడడం మానేశారు. అన్నీ మంచి ఏళ్లే అని చెప్పను. ఒక ఏడాది వేరే దేశంలో అల్లం విరగపండిందని బొంబాయి నుంచి లారీ ఆలస్యంగా వచ్చింది. ఇంకో ఏడాది నియమం మళ్లీ ఏదో మారింది. మమ్మల్ని ఎవరూ అడగలేదు. శొంఠిని పొడిచేసి పంపుదామన్న నా ఆశ సుంకం దగ్గరే ఆగిపోయింది. ప్రపంచం ఒకరి మీద ఒకరు ఆధారపడి బతుకుతోందని పుస్తకాలు రాస్తాయి. నిజమే. కాని ఒకరి మీద ఒకరు ఆధారపడ్డవాళ్లు కట్టుబాట్లు పెట్టుకునేటప్పుడు రొట్టెల మూటలు విప్పి అందరూ కూర్చోవాలి. ఆ మాట నేను ఆ పెద్ద పుస్తకంలో వెతికాను. ఆ తరువాత ఇంకొన్ని పుస్తకాల్లో కూడా వెతికాను. మా కళ్లంలో ఉన్నంత సూటిగా ఎక్కడా కనబడలేదు.

అయినా నాకు కోపం కంటే కృతజ్ఞతే ఎక్కువ మిగిలింది. నియమం ఉంది కాబట్టే కదా, అది ఎందుకుందో వెతికే వీలు దొరికింది. ఏ నియమమూ లేకుండా, నచ్చలేదు పొమ్మంటే, నేను ఏ అలమర దులిపేదాన్ని?

మొదటి గోధుమ బస్తాలు లారీకెక్కిన మరునాడు అత్తమ్మ నాతోపాటు గ్రంథాలయానికి వచ్చింది. అదే ఆమె మొదటిసారి. గడప దగ్గరే చెప్పులు విడిచింది. వద్దని సారు ఎంత చెప్పినా వినలేదు. కొంగుముడి విప్పి, రెండు పొట్లాలు బల్ల మీద పెట్టింది. ఒకదాంట్లో తెల్ల శొంఠి, ఒకదాంట్లో గోధుమది. చాయలో వేసుకోమంది.

సారు బంట్రోతుతో రెండు కప్పుల చాయ పెట్టించారు. ఒక కప్పులో ఒకటి, రెండో కప్పులో ఇంకొకటి దంచి వేయించారు. రెండూ తాగి చూశారు. కళ్లు మూసుకొని ఇంకోసారి తాగారు.

"అమ్మా, నిజం చెప్పాలె. నాకు ఫరక్ తెలుస్తలేదు."

అత్తమ్మ చుట్టూ చూసింది. పేపర్లు చదివేవాళ్లు తలలు వంచుకొనే ఉన్నారు. ఆమె బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించింది.

"నాకు గూడ తెల్వది సారూ. జర ఎవరికీ చెప్పకున్రి."